మిషనక్క కుట్టిన తెల్ల ప్యాంటు

మా తోటికోడలు ఎవరిమీదైనా కక్ష కట్టిందంటే ఇక వాళ్ళకు మూడినట్టే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లోనే ఈ సంగతి తెలుసుకుని జాగ్రత్తగా మసలుకుంటున్నాను. వీధిలో అందరూ ఆవిడను మిషనక్క అంటారు. ముందుగదిలో కాలితో తొక్కే కుట్టుమిషన్ ఉంది. ఆవిడ కుడికాలు ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆ కాలికే మోకాలి నొప్పి మొదలైంది. వీధి చివర హాల్లో యోగా నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళి, నొప్పి ఉందని ముందే చెప్పింది.

"నొప్పి ఒంట్లో కాదమ్మా, మనసులో ఉంటుంది" అన్నాడాయన. పద్మాసనంలో నేలకు ఆనని ఆవిడ మోకాలిని అరచేత్తో గట్టిగా అదిమాడు. లోపల టక్కుమంది. మర్నాటికి మోకాలు బూరెలా పొంగింది. మిషన్ మూలన పడింది. కుట్టడానికి ఇచ్చినవాళ్ళు బట్టలు వెనక్కి పట్టుకుపోయారు.

అంతటితో ఆగాడా? "నేను చెప్పిన మాట ఆవిడ వినలేదు, అందుకే అలా అయింది" అని క్లాసంతా చాటాడు. మా తోటికోడలు కాలి నొప్పినైనా ఓర్చుకుంది గానీ ఈ మాటను ఓర్చుకోలేకపోయింది.

"తప్పు తనదేనని అందరి ముందూ వాడి నోటితోనే చెప్పిస్తా, చూస్తూ ఉండు" అని పళ్ళు నూరింది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాత్రం యోగాను తిట్టలేదు. "మోకాలిని బలవంతపెట్టడం మానండి ఆంటీ, చాలు" అంది. కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా చాచి, తొడ బిగించి దించమంది. నిలబడి చేసేవి గోడ పట్టుకుని చేయమంది. పద్మాసనం, వజ్రాసనం జోలికి ఇప్పట్లో పోవద్దంది. మోకాలు మెలిపెట్టకూడదు, పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడే ఆపేయాలి. మా తోటికోడలు ఒక్కరోజు కూడా మానకుండా అవన్నీ చేసింది. ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకుని మురిసిపోయాను.

"ఆరోగ్యమా, నా బొందా! వాడి హాల్లోకి కుంటకుండా నడిచి వెళ్ళాలి" అంది.

వాపు తగ్గాక ఎడమకాలితో మెల్లగా తొక్కుతూ చిన్న పనులు మొదలుపెట్టింది. అప్పుడు దిగాడు మాస్టారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. హాలు వార్షికోత్సవానికి వేదిక మీద ఆసనాలు వేయాలట. ప్యాంటు కుట్టమని తెల్లటి పల్చని బట్ట ఇచ్చి, "మోకాళ్ళ దగ్గర కాస్త వదులు పెట్టమ్మా" అని గొంతు తగ్గించాడు. టేపు చుడుతుంటే ఆవిడ వేళ్ళకు లోపల మందంగా తగిలింది. మోకాలి బెల్టులు. రెండు కాళ్ళకూ!

"ఎవరితో అనకమ్మా, తెలిస్తే నా క్లాసుకు ఎవరొస్తారు?"

"నాకెందుకండీ మాస్టారూ" అంది, నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు.

ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేక అన్నాను. "అక్కా, లైనింగ్ వేయకపోతే బెల్టులు బయటికి కనిపిస్తాయేమో."

"వదులు అడిగాడు, పెడతాను. లైనింగ్ అడగలేదుగా."

ప్యాంటును సరిగ్గా కార్యక్రమానికి ముందే ఆయన చేతికిచ్చింది. అద్దం చూసుకునే తీరిక లేదు పాపం. పెద్ద లైట్ల కింద ఆయన వజ్రాసనం వేశాడో లేదో, తెల్లబట్టలోంచి రెండు నల్ల బెల్టులూ హాలంతటికీ కనిపించాయి. ముందు వరుసలోని పెద్దావిడ లేచి నిలబడింది.

"మీకూ నొప్పేనా నాయనా? మరి నా మోకాళ్ళు అంతలా ఎందుకు అదిమావు?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన రెండు చేతులతో మోకాళ్ళు కప్పుకున్నాడు. మా తోటికోడలు నిటారుగా నడుచుకుంటూ వేదిక దగ్గరికి వెళ్ళింది.

"చెప్పండి మాస్టారూ. నా కాలు ఎవరి వల్ల పాడైంది?"

ఆయన తలెత్తలేదు. "నా వల్లేనమ్మా" అన్నాడు. మైకు ఆ మాటను చివరి వరుస దాకా వినిపించింది. నా కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా మిషన్ ముందు కూర్చుంది. కుడికాలు పెడల్ మీద పెట్టి ఒక్కసారి నొక్కింది. ముఖం నల్లబడింది. కాలు తీసి మోకాలు పట్టుకుంది.

"అందరి ముందూ ఒప్పుకున్నాడు కదే" అంది నావైపు తిరిగి. "మరి ఇదెందుకు తగ్గలేదు?"