కడిగేసిన రిసీవరు

ఆ ఇంటి ముందు గదిలో మనుషుల కంటే ఫోన్లకే మర్యాద ఎక్కువ. మూడు గోడలకూ చెక్క అరలు, అరల మీద నలభై ఒక్క ఫోన్లు, ఒక్కోదాని కింద ఆకుపచ్చ ముఖమలు ముక్క. గుండ్రటి డయలువి, గోడకు తగిలించేవి, పక్కన పిడి తిప్పితే తప్ప పలకనివి, ఇత్తడి గొట్టంలా నిటారుగా నిలబడేది ఒకటి. కుర్చీ మాత్రం ఒక్కటే. చూడటానికి ఇద్దరొస్తే ఒకరు నిలబడాల్సిందే.

"ఫోన్లకు ముఖమలు, చుట్టాలకు గచ్చునేల," అనేది ఇల్లాలు, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే. "ఇన్ని ఫోన్లున్నాయి, ఒక్కటి మోగితే ఒట్టు."

"తీగ ఇస్తే అన్నీ మోగుతాయి," అనేవాడు ఆయన.

"ఇవ్వకండి బాబూ. మోగితే మాత్రం అవతల మనకెవరున్నారు?"

పిల్లలు లేని ఇల్లు కదా, ఆ మాటతో ఆమె మళ్లీ మిషను తొక్కేది, ఆయన గుడ్డ తీసుకుని ఏదో ఒక ఫోను తుడిచేవాడు.

ఆయన టెలిఫోను ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. ఎన్ని వందల ఇళ్ల గుమ్మాలు ఎక్కాడో, ఒక్క ఇంట్లో కూడా గొంతు పెంచి మాట్లాడిన పాపాన పోలేదు. జనం తీగ ఫోన్లను చెత్తలో వేసే రోజులొచ్చాక, ఆ వేసినవాటిని ఏరి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. వీధిలోవాళ్లు 'హలోతాత' అని పేరు పెట్టారు. పైకి విసుక్కున్నా, లోలోపల ఆ పేరంటే మురిపెమే.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. ఏ ఫోను వచ్చినా ముందు నిలువునా విప్పేస్తాడు. లోహపు ముక్కలు పళ్లెంలోకి, పెంకు ముక్కలు సబ్బునీళ్ల బకెట్లోకి. రిసీవరుకు చెవి దగ్గర ఒక మూత, నోటి దగ్గర ఒక మూత ఉంటాయి. వాటిని తిప్పి తీస్తే లోపల మనుషుల బతుకంతా పేరుకుని ఉంటుంది: తలనూనె, పౌడరు, ఉమ్మి, చెమట, వెంట్రుకలు. పాత పళ్లబ్రష్షు పట్టుకుని అదంతా తోమి పారబోస్తాడు. తర్వాత పగుళ్లలో నల్లలక్క కరిగించి పోసి, గరుకు కాగితంతో రుద్ది, మెత్తటి గుడ్డతో మెరుగు పెడతాడు. ఎక్కడ పగిలిందో చివరికి తనకే కనపడకూడదు. అదీ పంతం. "నా చేతిలో పడ్డాక దానికి గతం ఉండదండీ," అని చూడవచ్చినవాళ్లకు చెప్పుకునేవాడు.

అరల మీద ఎన్ని ఉన్నా, ఇల్లాలి మనసులో ఉన్నది మాత్రం వేరే ఫోను.

ముప్పై ఏళ్ల కిందట ఒక సాయంత్రం ఆమె చెల్లెలు ఫోను చేసింది. మాట మధ్యలో ఒక మగగొంతు వినపడింది. ఆ వెంటనే ఠప్పుమని మోత. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లారేసరికి కబురొచ్చింది, స్నానాల గదిలో కాలు జారి, తల పగిలి చనిపోయిందని. ఇల్లాలు శవం పక్కనే నిలబడి మరిది ముఖాన వేలు పెట్టి చూపించింది. "వీడే కొట్టాడు. ఆ ఫోనుతోనే కొట్టాడు. ఆ మోత నా చెవిలో ఉంది." తోబుట్టువు పోయిన దుఃఖంలో మతి చలించిందన్నారు చుట్టాలు. విచారణకు వచ్చినవాళ్లు తడి నేల చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయారు. మరిది ఐదేళ్ల కూతురిని చంకనేసుకుని తలుపు మూసుకున్నాడు. ఆ తలుపు మళ్లీ వీళ్లకు తెరవలేదు.

అప్పట్లో ఇల్లాలు మొగుడి కాళ్లావేళ్లా పడింది. "ఆ ఫోను బిగించింది మీరే. వెళ్లి చూసి రండి. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" సరే అని వెళ్లాడు. బల్ల మీద మీటలు నొక్కే కొత్త ఫోను కనిపించింది. పాతది పాడైతే పారేశానన్నాడు తోడల్లుడు. పారేయడానికి అది వాళ్ల సొత్తు కాదు, ఆఫీసుది. ఏమైందని కాగితం మీద అడగాల్సింది ఈయనే. అడగలేదు. 'పోయింది' అని ఒక్క ముక్క రాసి, సంతకం గిలికి, చేతులు దులుపుకున్నాడు, గొడవెందుకని. ఇలాంటి నెమ్మదస్తుల నీడన ఎంతమంది దుర్మార్గులు చల్లగా బతికేస్తుంటారో!

అప్పటినుంచి ఏడాదికి నాలుగైదుసార్లు ఇల్లాలు ఆ మాట ఎత్తుతూనే ఉంది. "ఆ ఫోను ఎక్కడో ఉండే ఉంటుంది. అది దొరికిన రోజు నన్ను పిచ్చిదన్న నోళ్లన్నీ మూతపడతాయి." ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ విన్నాడు. నమ్మింది మాత్రం ఒక్కనాడూ లేదు.

పోయిన నెలలో ఇల్లాలు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం, గుమ్మంలోకి ఒక ముప్పై అయిదేళ్ల మనిషి వచ్చి నిలబడింది. చేతిలో పాత దుప్పటి చుట్టిన మూట.

"పెదనాన్నా, నన్ను గుర్తుపట్టారా?"

ఆ గడ్డం, గడ్డం కింద ఆ నొక్కు. మరదలే లేచి వచ్చినట్టుంది. ఆయన కుర్చీ ఆమెవైపు జరిపాడు.

"నాన్న పోయి రెండు నెలలైంది," అంది ఆమె. "బీరువా లోపలి అర తాళం విరగ్గొడితే ఇది కనపడింది. అమ్మ ఉన్నప్పటి ఫోను అనుకుంటా. మీరు పాతవాటిని కొత్తవాటిలా చేస్తారని విన్నాను. అమ్మ గుర్తుగా నా దగ్గర ఇంకేమీ లేదు పెదనాన్నా."

"కూర్చో అమ్మా. పెద్దమ్మ వచ్చేస్తుంది."

"ఇప్పుడు కాదు. మా నాన్నను హంతకుడన్న మనిషి ముందుకు నేను అంత తొందరగా రాలేను. ఇది బాగయ్యాక వస్తాను. అప్పటిదాకా ఆవిడకు చెప్పకండి."

ఆయన దుప్పటి విప్పి చూస్తే తను బిగించిన ఫోనే. పారేశానన్నవాడు ఎందుకు దాచినట్టు? ఆ ప్రశ్న ఆయనకు రాకపోలేదు. 'పాపం, పెళ్లాం గుర్తుగా దాచుకున్నాడు కాబోలు' అని తనే జవాబు చెప్పుకున్నాడు. ఆ జవాబుకు కళ్లు కూడా చెమ్మగిల్లాయి.

పెరటి గదిలో కూర్చుని పని మొదలుపెట్టాడు. రిసీవరు చెవి దగ్గర అడ్డంగా చీలి ఉంది. చీలికలో ఏదో గోధుమరంగుది గడ్డకట్టి ఎండిపోయింది. మూత తిప్పితే మరలో రెండు పొడుగాటి వెంట్రుకలు. ఇలాంటి చీలికలు వెయ్యి చూసినవాడు, ఇలాంటి మురికి రోజూ కడిగేవాడు. బకెట్లో ముంచాడు. పది రోజులు ప్రాణం పెట్టి చేశాడు. పెద్దమ్మను, కూతురిని కలిపేది ఈ ఫోనేనని ఆశపడ్డాడు మరి. ఆయన చేసిన పనులన్నిటిలో అంత నున్నగా వచ్చింది ఇంకొకటి లేదు. నడిమి అరలో పెట్టాడు.

"కొత్తగా ఎవరిని తెచ్చి కూర్చోబెట్టారు?" అంది ఇల్లాలు.

"ఒకరిదిలే," అన్నాడు.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి వచ్చింది. ఇల్లాలు మెడలో కొలతల టేపుతోనే లోపలి నుంచి వచ్చి, ఒక్క నిమిషం అలా చూసి, గోడ పట్టుకుంది.

"నేనే పెద్దమ్మా."

"తెలుస్తూనే ఉంది. నాలుగు వీధులు దాటడానికి ముప్పై ఏళ్లు పట్టిందా తల్లీ? అంత ట్రాఫిక్కా?" అంటూనే దగ్గరికి వెళ్లి ఆ గడ్డం పట్టుకుంది.

ఆయనకు పట్టలేని సంతోషం. అరలోంచి ఫోను దించి ఇద్దరి మధ్యా పెట్టాడు. "చూడవే, ఎవరిదో చెప్పు! మీ చెల్లెలిది. ఒక్క గీత కనపడుతుందేమో వెతుకు చూద్దాం!"

ఇల్లాలు వెతికింది. కుట్టు గట్టిగా పడిందో లేదో చూసేటప్పుడు గుడ్డ మీద వేలు నడిపినట్టు, రిసీవరు పొడుగునా వేలు నడిపింది. గీత లేదు.

"ఎక్కడిది?"

"నాన్న బీరువాలో దొరికింది," అంది అమ్మాయి. "దుప్పటి చుట్టి, తాళం వేసి ఉంది."

"పారేశానన్నాడుగా?"

ఇల్లాలు ఫోనును తనవైపు జరుపుకుంది.

"పాడైపోయిన ఫోనును ముప్పై ఏళ్లు తాళం వేసి ఎవడు దాచుకుంటాడే?"

"పెద్దమ్మా, దయచేసి మళ్లీ మొదలుపెట్టకండి. నన్ను పెంచింది ఆయన. నాకు జడలు వేసింది ఆయన. జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆయన."

"కూర్చునే ఉంటాడు. కాదనను." ఇల్లాలు మొగుడివైపు తిరిగింది. "మీ చేతికి వచ్చినప్పుడు ఇది ఎలా ఉంది?"

అప్పుడు తగిలింది ఆయనకు. బకెట్లో నీళ్లు ఏ రంగుకు తిరిగాయో కళ్ల ముందు కనపడింది. దుమ్ము పట్టి ఉందని ఒక్క మాట అంటే చాలు, అమ్మాయికి తండ్రి మిగులుతాడు, తనకు ఈ ఇల్లు మిగులుతుంది. అలాంటి మాటలు అనడంలో ఆయన చేయి తిరిగినవాడే. నోరు తెరిచాడు కూడా. కానీ ఇల్లాలి వేలు ఇంకా ఆ రిసీవరు మీదే ఉంది, సరిగ్గా అతుకు మీద.

"చెవి దగ్గర చీలి ఉంది."

"ఇంకా?"

"చీలికలో మురికి ఉంది."

"ఏ రంగు?"

"గోధుమరంగు. గడ్డకట్టి ఉంది."

"ఇంకా?"

"మూత మరలో రెండు వెంట్రుకలు."

"ఎంత పొడుగు?" అని అడిగింది ఇల్లాలు కాదు, అమ్మాయి.

ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించాడు. ఎడం సరిపోలేదనిపించి ఇంకాస్త జరిపాడు.

"వెంట్రుకలు అన్ని ఫోన్లలోనూ ఉంటాయమ్మా," అన్నాడు గొణుగుతూ.

"ఆ గోధుమరంగుది కూడా అన్నిటిలో ఉంటుందా పెదనాన్నా?"

ఆయన ఎత్తిన చేతులు దించుకున్నాడు.

"నేను సరిగా చూడలేదు," అంది అమ్మాయి. "కాస్త విప్పి, మళ్లీ చుట్టేశాను. ఎందుకో చూడబుద్ధి కాలేదు. పోనీ, దాన్ని ఎక్కడైనా పరీక్ష చేయిస్తే? కొంచెమైనా మిగిలి ఉండదా?"

"పళ్లబ్రష్షుతో తోమాను. రెండుసార్లు నీళ్లు మార్చాను."

ఇల్లాలు అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆమె నెమ్మదిగా, ఎదుటివాళ్లకు కొలతలు చెబుతున్నట్టే చెప్పింది. "నా నోరు మూయించడానికి వాడు దాచాడు. దాచినది దానంతటదే నా గుమ్మంలోకి వచ్చింది. నా బకెట్లో, నా సబ్బుతో, నా మొగుడు కడిగాడు. వాడికి చేతకానిది మీకు చేతనైంది."

"నాకు తట్టలేదే. ఒట్టు."

"ఎందుకు తడుతుంది? నా మాట ఒక్కసారైనా నమ్మి ఉంటే, నీళ్లలో వేసే ముందు ఒక్కసారి వెలుతురులో పెట్టి చూసేవారు."

"నమ్మలేదు," అన్నాడు ఆయన. ముప్పై ఏళ్లలో ఆమెతో అన్న మొదటి నిజం అదే.

"తెలుసు."

అమ్మాయి ఆ ఒక్క కుర్చీలో కూలబడింది. ఫోనువైపు చూడటం మానేసింది. పెద్దమ్మవైపు తిరిగి, "పెద్దమ్మా, ఆ రోజు అమ్మ నీతో ఏం మాట్లాడింది?" అంది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగితే గిడితే మోత గురించే అడిగారు, అదీ పక్కకు తిరిగి నవ్వుకోవడానికి.

ఆయన మెల్లగా లోపలికి జారుకోబోయాడు.

"ఎక్కడికి?" అంది ఇల్లాలు. "నిలబడండి. మీరూ వినండి."

నిలబడ్డాడు, సొంత ఇంట్లో చూడవచ్చినవాడిలా.

"నీ గౌను గురించే," అంది ఆమె అమ్మాయితో. "నేను నీలం గౌను కుట్టి పంపాను. చేతులు బిగుతయ్యాయి అక్కా, పిల్ల ఏడుస్తోంది అంది. లోపల అర అంగుళం మడత వదిలాను, విప్పు అన్నాను. కత్తెర వెతుక్కుంటోంది, వెతుక్కుంటూనే 'అర అంగుళమేనా అక్కా?' అంది. అవునని చెప్పేలోగా..."

మెడలోని టేపు రెండు చేతులా పట్టుకుని ఆగిపోయింది.

"ఆ గౌను మర్నాడు కూడా నా ఒంటి మీదే ఉంది," అంది అమ్మాయి. "చేతులు బిగుతుగానే ఉన్నాయి."