నల్లా నుంచి పదిహేడడుగులు

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ పోయి, సాయంత్రానికల్లా తిరిగొచ్చాం, అమ్మా నేనూ. చూడ్డానికి పోయింది చార్మినార్ కాదు, మా చెల్లెలి సమాధి. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మానాయన మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్ల పనికి వలస వెళ్ళారు. అక్కడ రేకుల షెడ్డులో మూడేళ్ళున్నాం. మూడో చలికాలం నాలుగేళ్ళ రూతు జ్వరంతో చనిపోయింది. దాన్ని అక్కడే సమాధుల తోటలో పెట్టి ఊరికొచ్చేశాం. ఆ తర్వాత నాయన పట్నం మాట ఎత్తనివ్వలేదు. పోయినేడాది నాయన కూడా పోయాడు, అప్పటినుంచి అమ్మ ఒకటే పోరు. మా ఇళ్ళలో క్రిస్మస్‌కి ముందు చేన్లో ఉన్న సమాధులన్నిటికీ సున్నం వేస్తాం. ఇరవై ఏళ్ళుగా రూతు ఒక్కదానికే పడలేదు. “ఆడోళ్ళకు బస్సు ఫ్రీ చేసిండ్రు. ఇంకేం అడ్డమొచ్చింది నీకు?” అంది. అడ్డం నా బద్ధకమే, ఒప్పుకుంటాను.

డిపోలో పొద్దున ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. ఫోన్లో ఫోటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు, కార్డే దగ్గర పెట్టుకోండి. అమ్మ చేతిలో మూతున్న బకెట్, అందులో నీలిమందు కలిపిన సున్నం, ఒక కుంచె. పట్నంలో సున్నం దొరకదా అంటే వింటేగా! బకెట్ కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. జోగిపేట దాటేదాకా పొగమంచే. మా కిటికీ మూసుకోలేదు, చెవులు మొద్దుబారిపోయాయి. సంగారెడ్డిలో టీ పదిహేను రూపాయలు, తాగకపోయినా పోయేదేం లేదు. పటాన్‌చెరు నుంచి ట్రాఫిక్. మియాపూర్‌లో దిగేసరికి తొమ్మిదిన్నరయింది.

చిన్నప్పుడు నేను కళ్ళు మూసుకుని తిరిగిన చోటు. ఇప్పుడు మా షెడ్లు ఎటువైపుండేవో కూడా పోల్చుకోలేకపోయాను. అమ్మ మాత్రం పాత అపార్ట్‌మెంట్ ఒకటి చూపించి, ఐదో అంతస్తు దాకా ఇసుక తనే మోశానంది. ఆటో అతను నూటయాభై అడిగి నూట ఇరవైకి దిగాడు. సమాధుల తోటకని చెప్పకుండా నేను పక్క కాలనీ పేరే చెప్పాను. బకెట్ చూసి ఎవరింటికి సున్నమేస్తారని అడిగాడు. మా చిన్న బిడ్డదని అమ్మ అంది. ఎన్నో అంతస్తని అడిగాడు పాపం.

అప్పుడు రాయి పెట్టించే స్తోమత మాకు లేదు. రసీదు అడగాలని కూడా అమ్మానాయనలకు తెలియదు. మా దగ్గర ఎవరి చేన్లో వాళ్ళనే పెడతాం, మళ్ళీ ఎవరూ కదిలించరు. పట్నంలోనూ అంతే అనుకున్నారు. అమ్మ పెట్టుకున్న గుర్తు ఒక్కటే, నీళ్ళ నల్లా నుంచి గోడ వైపు పదిహేడడుగులు. తీరా తోటలోకి పోయి చూస్తే నల్లాయే లేదు. సమాధులు తవ్వే సామేలు అనే పెద్దమనిషిని అడిగాం. “ఇది పట్నమమ్మా, జాగ ఏడుంది? రాయి లేకుంటె మల్ల తవ్వుతరు. గా గోడ దిక్కు రెండుసార్లు తవ్వినం” అన్నాడు.

అమ్మ బకెట్ కింద పెట్టి, అక్కడే మట్టిలో కూలబడింది. నాకు సామేలు మీద కోపమొచ్చింది. అతను చేసిందేముంది, కోపం పోవడానికి వేరే చోటు దొరకలేదు. కాసేపటికి అమ్మే లేచి పాత నల్లా ఎక్కడుండేదో అడిగింది. అతను చూపించిన చోటునుంచి అడుగులు వేసి, మధ్యలోనే ఆగిపోయింది.

“గిది నా అడుగు కాదు. మోకాళ్ళు పోయినంక చిన్నగైంది. నువ్వు నడువు బిడ్డా. గప్పుడు నాకు నీ ఈడే.”

నడిచాను. లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పోయి, ఒక సమాధి దగ్గర ఆగి, పదిహేడన్నాను. రాతి మీద శాంతమ్మ, డెబ్బై ఆరేళ్ళు అని ఉంది. చదివి వినిపించాను.

“ముసలమ్మనా?” అంది అమ్మ. ఔనన్నాను. “మంచిగైంది. అది ఒక్కతె పండుకునేది కాదు.”

ఎవరిదో సమాధికి సున్నమేమిటని సామేలు అడుగుతాడనుకున్నాను. అడగలేదు, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. అమ్మ నాలుగు వైపులా సున్నం వేసింది. నేను ఏడుస్తూ నిలబడ్డాను, ఆమె ఏడవలేదు. గోడ నీడన జొన్నరొట్టె, కారం తిని, రెండింటి బస్సు పట్టుకుని ఆరుకల్లా ఖేడ్‌లో దిగాం.

మరునాడు మిగిలిన సున్నం చేన్లో నాయన సమాధికి వేస్తూ, రూతు దొరికిందని, ముసలమ్మ దగ్గర ఉందని అమ్మ ఆయనకు చెప్పింది. ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. నా పదిహేడో అడుగు శాంతమ్మ దగ్గర పడలేదు. కొత్తగా పోసిన సిమెంటు బాట మీద పడింది, అందరూ చెప్పులతో నడిచే చోట. అక్కడ ఆగి అమ్మ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో రెండడుగులు వేసి అప్పుడు పదిహేడన్నాను. తప్పే కావచ్చు. మీవాళ్ళనెవరినైనా పట్నంలో మట్టి చేయాల్సి వస్తే, ఎంత ఏడుపులో ఉన్నా సరే, వరుస నంబరు వేయించి రసీదు తీసుకోండి. అడుగులు లెక్కపెట్టుకుని మాత్రం రాకండి.