మురుగు తలుపు పిడి

రేణిగుంటలో రైలెక్కి నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో ఒక ఇనుప పిడి ఉంది. ఊరి మురుగు కాలువకున్న తలుపును ఎత్తి దించడానికి తిప్పే పిడి అది. ఆ తలుపు కాపలా ఆయన ఉద్యోగం.

"దొర బంగళాకు సుట్టాలొస్తే సాలు, దాని ముందర మురుగు పారకూడదని తలుపు మూయమంటారు సామీ. అదంతా ఎనక్కి తన్ని మా పేట ఇండ్లలో దూరతాది. నిన్న నా కూతురి పురిటి మంచం కిందికొచ్చింది. ఈ పొద్దు తలుపెత్తేసి పిడి తెచ్చేసినా. ఇంగ ఎట్ట మూస్తారో సూస్తా," అన్నాడు.

ఏర్పేడులో మునిసిపాలిటీ బంట్రోతు పిడి కోసం పెట్టెలన్నీ వెతుకుతూ వచ్చాడు. నేను పిడిని నా పరుపుచుట్టలో దూర్చి, నా పరుపే విప్పుతావా అని వాణ్ణి కసిరి పంపాను.

కాళహస్తిలో ముసలాయన దిగేటప్పుడు పిడి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీకాడే ఉండనీ సామీ. నా సేతిలో ఉంటే మళ్లా నాతోనే మూయిస్తారు."