నేను దొంగిలించని మేక

ఆ రోజుల్లో మా సంఘంలో పాపం చేయనోనికి పెద్దగా విలువ లేకుండె. ఇది ఎటకారానికి అంటున్న మాట కాదు, పందొమ్మిదేండ్ల వయసులో లోలోపల కుమిలి తెలుసుకున్న సంగతి. హైద్రాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. నిర్మల్ నుంచి ఆదిలాబాదుకు పోయే తొవ్వలో మా ఊరు. ఊరి చివర మిషను దవాఖాన, దాని పక్కన బడి, బడి పక్కన చర్చి. బాపు దవాఖానలో కంపౌండరు. అవ్వ, అంటే మా అమ్మ, బైబిలు పట్టుకొని కూసుందంటే పొయ్యి మీద అన్నం మాడినా లేచే మనిషి కాదు. పొద్దున లేవంగనే ఒక ప్రార్థన, బువ్వకు ముందు ఒకటి, పొద్దుగూకినంక ఒకటి, చుట్టాలొస్తే వచ్చినందుకు ఒకటి, పోతే పోయినందుకు ఒకటి (పోయినందుకు చేసేదాంట్లో అవ్వ గొంతు కొంచెం హుషారుగా ఉండేది). అట్లాంటి ఇంట్లో పుట్టినోనికి పాపం చేసే తీరిక ఎక్కడిది?

ఏటా ఎండాకాలం మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరిగేవి. చర్చి ముంగట టేకాకు పందిరి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్లలో వచ్చిన జనం, మధ్యాహ్నం బువ్వకు ముందు సాక్ష్యాలు. ఒక్కొక్కరే లేచి, తాము ఎంత చెడిపోయి ఉండిండ్రో, దేవుడు తమను ఎట్ల పైకి లాగిండో చెప్పాలె. అందరికంటే గొప్ప సాక్ష్యం ముంత అన్నది. కల్లు ముంత ఇడిసిపెట్టినందుకు వచ్చిన పేరది. మొదటి ఏడు ఆయన రోజుకు రెండు ముంతలు తాగి ఒక పోలీసు జమేదారును కొట్టిన అని చెప్పిండు. మరుసటేడు అవి అయిదు ముంతలు, ఇద్దరు జమేదార్లు అయినయి. మూడో ఏడు జమేదారు గుర్రాన్ని కూడా కొట్టిండు (మా దిక్కు జమేదారుకు గుర్రం లేదు, సైకిలుండె). జనం ఏడ్చిండ్రు, స్తోత్రం అన్నరు, బువ్వ కాడ కూర మొదట ఆయన ఆకులోనే పడింది. ఆ తర్వాత ఆయనను జైనూర్ దిక్కు గుట్టల ఊళ్లకు కూడా సాక్ష్యం చెప్పడానికి తీసుకపోబట్టిండ్రు. నేను పందిరి గుంజ పట్టుకొని, ఆ మనిషి తాగిన కల్లును తలుచుకొని ఈర్ష్యతో ఉడికిపోయేటోణ్ణి.

నేను కూడా ఒక ఏడు లేచి చూసిన. రాత్రంతా వెతికితే నా పాపాలు మూడు దొరికినయి. పాటల పుస్తకంలో ఒక కాగితం చింపి పడవ చేసిన. ప్రసంగంలో నిద్రపోయిన. ఉపవాసం నాడు అవ్వకు తెల్వకుండ బెల్లంముక్క నోట్లో ఏసుకున్న. రెండో పాపం సగంలో ఉండంగనే ఎవరో పాట ఎత్తుకున్నరు. బెల్లంముక్క ఎవరికీ వినపడలే. ఇంటికొచ్చినంక అవ్వ, “గదేం సాక్ష్యంరా, నలుగుట్ల నా పరువు దీసినవ్” అన్నది. బెల్లం తిన్నందుకు కాదు, బెల్లంతోనే ఆగిపోయినందుకు ఆమె బాధ అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ మరుసటేడు కూటాలకు నెల ముందు పాస్టరయ్య మా ఇంటికి వచ్చి, ఒక పిలగాణ్ణి బైబిలు ట్రైనింగుకు పంపాలని పెద్దలు అనుకుంటున్నరని చెప్పిండు. నేను అప్పటికే మిషను బడిలో చిన్న తరగతులకు తాత్కాలికంగా పాఠాలు చెప్తున్న. “మీ పిలగాడు చదువుకున్నోడే, మంచోడే. కని సాక్ష్యం బలంగ ఉండాలె గదా కంపౌండరయ్యా” అన్నడు. మంచోడే అనే మాటను ఆయన ఏదో రోగం పేరు చెప్పినట్టు చెప్పిండు. బాపు మాటలు తక్కువ మనిషి. కని ఆ వారం నిర్మల్ సంతకు పోయి నా ప్రయాణం కోసం ఒక రేకుపెట్టె తెచ్చి గోడకు పెట్టిండు. రోజూ దాన్ని చూసుకుంట నేను బువ్వ తినాలె.

ఇక్కడ మేకల అవ్వ గురించి చెప్పాలె. ఆమె మా సంఘం మనిషి కాదు. వాగు ఒడ్డున గుడిసెలో ఒక్కతే ఉండేది, మేకలే ఆమె సంసారం. అంతకుముందు దసరా దినాల్లో ఆమె మేక ఒకటి పోయింది. నల్లది, ఒక చెవి తెల్లది. వారం రోజులు ఆమె వాడవాడ తిరుగుకుంట దొంగను తిట్టింది. దొంగ తువ్వాలతోని మూతి కట్టి వాగు దాటించి ఉంటడని ఆమె లెక్క. ఆ తిట్లు వినీ వినీ ఊళ్లో పసిపిల్లలకు సైతం ఆ మేక రూపురేఖలు నోటికి వచ్చినయి. నాకూ వచ్చినయి.

కూటాల ఆఖరి రోజు నేను లేచిన. దేవుని ముంగట చెప్తున్న, కొంచెమే చెబుదామనుకొని లేచిన. “నేను మహా పాపిని” అన్న. ఎవరూ కదల్లే. “కల్లు తాగిన” అన్న. వెనుక నుంచి ఎవరో “ప్రభువా” అన్నరు. “పైసలు పెట్టి పత్తాలు ఆడిన” అన్న. నాలుగు దిక్కుల నుంచి “ప్రభువా” వచ్చింది. ఆ మాట చెవుల పడేసరికి నాకేదో అయింది. కల్లు తాగకుండనే నిషా ఎక్కిందంటే అదే. నా నాలుక నాది కాకుండ పోయింది. “దొంగతనం చేసిన, దిక్కులేని ఒక ముసలామె మేకను మూతికి తువ్వాల కట్టి, వాగు దాటించి, అడవిలో కోసి తిన్న” అన్న. ఆడోళ్లు కొంగులు మొఖానికి అడ్డం పెట్టుకున్నరు. పాస్టరయ్య చేతులు పైకెత్తిండు. ముంత అన్న నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసిండు. సంఘం పెద్దల్లో ముఖ్యుడు కోటు పెద్దయ్య (మిషను దొర ఇచ్చిపోయిన నల్లకోటును ఎండాకాలం కూడా ఒంటి మీంచి తియ్యడు) అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పేటోడు, ఆ రోజు మాత్రం దగ్గిండు.

అప్పుడు పందిరి అంచు నుంచి ఒక ముసలి గొంతు అడిగింది. “దానికి ఒక చెవి తెల్లగుండెనా?”

నేను ఊపు మీద ఉన్న. “అవును తల్లీ, తెల్లగుండె” అన్న.

“గట్లయితే అది నాదే” అనుకుంట మేకల అవ్వ ముంగటికి వచ్చింది. కండ్లల్ల మందు ఏయించుకుందామని వచ్చి, బాపు కూటంలో ఉన్నడంటే నీడకు కూసున్నదట. జనం చూస్తుండంగ నా రెక్క పట్టుకున్నది.

పాస్టరయ్య సంతోషానికి హద్దు లేదు. పశ్చాత్తాపం, బాధితురాలు, రెండూ ఒకే పందిరి కింద దొరకడం ఆయన సేవలో అదే మొదలు. నష్టం సరిచేస్తేనే మారుమనస్సు పూర్తయినట్టని అప్పటికప్పుడు తీర్పు చెప్పిండు. మేకకు మేక తెచ్చిచ్చే శక్తి మాకెక్కడిది అని బాపు మొఖం చూస్తే తెలుస్తనే ఉంది. మేకల అవ్వనే తేల్చింది. “ఏమియ్యకుర్రి. ఎండాకాలం ఒడిసేదాంక నా మేకలు మేపుమనుర్రి. నా మోకాళ్లు వశపడ్తలెవ్వు.” ఆ మధ్యాహ్నం బువ్వ కాడ కూర మొదట నా ఆకులోనే పడింది.

ఇంటికి పోయినంక బాపు సూదులు ఉడకబెట్టుకుంట అడిగిండు. “తిన్నవా?”

“లే బాపూ.”

“మరెందుకు చెప్పినవ్?”

“అందరు స్తోత్రం అంటరని.”

బాపు సూదుల గిన్నె పొయ్యి మీంచి దించిండు. “పోయి పాస్టరయ్యకు చెప్పు” అన్నడు.

పోయి చెప్పిన. ఆయన ఓపికగా విని, నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. “గిట్లనే అయితది బిడ్డా. ఒప్పుకోలు చేసినంక సైతాను ఊకోడు. చేసిన పాపం చేయలేదని చెప్పిస్తడు” అన్నడు. నేను ఎంత కాదంటే ఆయనకు అంత నమ్మకం కుదిరింది. అబద్ధం చెప్పిన్నాడు చర్చి అంతా కండ్లనీళ్లు పెట్టుకున్నది, నిజం చెప్పంగనే నా ఆత్మ కోసం మూడు దినాల ఉపవాస ప్రార్థన పెట్టిండ్రు. పెద్దలు నా చుట్టూ మోకరించిండ్రు. కోటు పెద్దయ్య ప్రార్థన అందరికంటే పొడుగు. మేక అనే మాట రాకుండ అంతసేపు ఎట్ల చేసిండని తర్వాత ఆశ్చర్యపోయిన.

ఇగ మేకలు. నాకు చిన్నప్పటి నుంచి మేకలంటే భయం. వాటి కండ్లు నన్ను ఏదో లెక్క అడుగుతున్నట్టు ఉంటయి. పొద్దున వాగు ఒడ్డుకు తోలుకపోతే అవి ముంగట, నేను వెనుక. అవి ఆగితే నేనూ ఆగేది. ఎవరు ఎవరిని మేపుతున్నరో చూసేటోళ్లకు అర్థం కాకపోయేది. పదో దినమో పన్నెండో దినమో కోటు పెద్దయ్య ఆ ఎండలో, ఆ కోటులో, వాగు దాటి వచ్చి నా పక్కన బండ మీద కూసున్నడు. చెమటలు కారుతున్నయి.

“బిడ్డా, గా మేక నేను దిన్న” అన్నడు.

నేను ఆయన దిక్కు తిరిగిన.

“అల్లుడు వచ్చిండు. ఇంట్ల ఏం లేకుండె. అది మా దడి కాడికి తప్పిపోయి వచ్చింది. నేను తువ్వాల గిట్ల ఏం కట్టలే” అన్నడు, ఆ తువ్వాల ఒక్కటే తన మీద పడ్డ అన్యాయం అన్నట్టు. కోటు అంచుతోని చెమట తుడుచుకొని, “నువ్వు ఎట్లనో ఒప్పుకుంటివి. చిన్నోనివి, నీకు సాక్ష్యమైతది. గీ వయసుల నాకు అవమానమైతది. నీ కోసం రోజు ప్రార్థన చేస్తనే ఉన్న” అన్నడు.

కోపం వచ్చింది. కని ఆ మనిషి వంక చూస్తే, ఆ కోటు లోపల నాకంటే పెద్ద భయం ఒకటి వణుకుతున్నది. స్తోత్రం కోసం నేను లేని పాపాన్ని తెచ్చుకున్న, స్తోత్రం పోతదని ఆయన ఉన్న పాపాన్ని దాచుకున్నడు. ఇద్దరం ఒకే బండ మీద కూసున్నం. “పెద్దయ్యా, చెప్తే ఆ అవ్వకు చెప్పు. నాకు చెప్తే ఏమస్తది” అన్న. ఆయన లేచి పోయిండు. ఆయన పోయినంక నేను మోకరించలే, కండ్లు మూసుకోలే. “దేవా, నాకు సిగ్గయితుంది” అని మాత్రం అన్న. పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి చేసిన ప్రార్థనల్లో నా సొంత మాట అదొక్కటే అనుకుంట.

మేకలు తోలుకొచ్చి అప్పజెప్పేటప్పుడు మేకల అవ్వకు చెప్పేసిన. “అవ్వా, నీ మేకను నేను దొంగతనం చెయ్యలే. అబద్ధం చెప్పిన.”

ఆమె తుమ్మకొమ్మ ఇరుసుకుంటనే, “నాకెరికే” అన్నది. “మొదటి దినమే ఎరికైంది. మేక మూతి కట్టెటోనివా నువ్వు? తాడును రెండు వేళ్లతోని పడ్తవ్.”

“మరెందుకు మేపిచ్చుకుంటివి?”

“ఊకె మేపెటోడు దొరికితె ఎవలు వద్దంటరు?” అని నా మొఖం చూసింది. “దొంగెవలో గిప్పుడు నీకెరికైనట్టుంది. చెప్పకు. చెప్తె నేను మల్ల వాడంత తిరిగి ఒర్రాలె. మోకాళ్లు వశపడ్తలెవ్వని చెప్పిన గదా.”

ఆ ఆదివారం ట్రైనింగుకు మనిషిని ఎంచేటోళ్లు వచ్చిండ్రు. పాస్టరయ్య నన్ను లేపి సాక్ష్యం చెప్పుమన్నడు. “నేను కల్లు తాగలే. పత్తాలు ఆడలే. మేకను దొంగిలించలే. మీరు మెచ్చుకుంటరని దేవుని పేరు మీద అబద్ధం చెప్పిన. అది నిజం పాపం. క్షమించుర్రి” అని కూసున్న. ఒక్కరు స్తోత్రం అనలే. వచ్చినోళ్లు కాగితంలో ఏదో కొట్టేసుకున్నరు. అవ్వ కొంగు నోట్లో పెట్టుకున్నది. ముగింపు ప్రార్థనకు కోటు పెద్దయ్య లేచిండు. “ప్రభువా, మమ్ముల క్షమించు” అని కూసున్నడు. ఆయన ప్రార్థన అంత తొందరగా అయిపోతదని తెల్వక సగం మంది కండ్లు ఇంకా మూసుకునే ఉన్నరు.

ఇంటికి నేను బాపు పక్కన నడిచిన. దవాఖాన మలుపు కాడ బాపు, “మీ అవ్వకు నేను సమజు చేస్త. నువ్వు ముందుగాల తానం చెయ్యి, మేకల వాసనస్తున్నవ్” అన్నడు. అంటుండంగ ఆయన చెయ్యి నా భుజం మీద ఉన్నది, ఇల్లొచ్చేదాంక తియ్యలే. తర్వాత పది దినాలకు కోటు పెద్దయ్య పట్టపగలు, నడి బజారులో, ఒక మేకను తాడు పట్టుకొని వాగు దిక్కు నడిపిచ్చుకపోయిండు. ఎవరడిగినా దాయలే. మేకల అవ్వ తిట్టకుండ ఉంటుందా, తిట్టింది. కని కూసున్నకాడి నుంచే తిట్టింది.

ట్రైనింగుకు వేరే పిలగాడు పోయిండు. నేను బడిపంతులుగానే ఉండి, పిల్లలకు ఎక్కాలు చెప్పి, పెన్షను తీసుకొని కూసున్న. ఆ తర్వాతి బతుకులో కోపంతో అన్న మాటలున్నయి, చెయ్యాల్సి ఉండి చెయ్యని సాయాలున్నయి, ఒకరిద్దరికి చేసిన అన్యాయాలూ ఉన్నయి. వాటిని ఏ పందిట్లోనూ చెప్పలే, చెప్పవలసిన ఆ పైనున్నోనికి మెల్లగ చెప్పుకుంటున్న. గుంజ పట్టుకొని ముంత అన్నను చూసి ఈర్ష్యపడ్డ ఆ సన్నపాటి పిలగాడు అప్పుడప్పుడు యాదికొస్తడు. కోపం రాదు. పక్కన కూసోబెట్టుకొని, “జర ఆగు బిడ్డా, పాపాల కోసం గంత పరేషాన్ గాకు, అవే వస్తయి” అని చెప్పాలనిపిస్తది.