నిద్రపోనాడను

చీపురుపల్లిలో మా చర్చి తరఫున ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ ముందు ఎవరూ ‘చచ్చిపోయాడు’ అనకూడదు. వెంటనే కసిరేది.

“ఏటా మాట? సచ్చిపోనాడనకు, నిద్రపోనాడను. లేపడానికి ప్రభువున్నాడు.”

అరవైల చివర కలరా వచ్చిన ఏడాది ఆమె ఒక్కగానొక్క కూతురు పోయింది. మేం ఘొల్లుమంటే, “గోల సేయకండర్రా, పిల్ల తొంగున్నాది” అంది. కన్ను తడవలేదు.

సమాధుల తోటలో పెట్టె దించాక, పాస్టరుగారు వేసిన మొదటి పిడికెడు మన్ను దానిమీద చప్పుడు చేసింది. అంతే, ఆమె గోతి అంచున కూలబడి, రోజూ బడివేళకు పిలిచినట్టే పిలిచింది.

“ఒసే, లెగే. తెల్లారిపోనాది, లెగవే.”

ఆ తర్వాతా ఆమె వాక్యం చెప్పడం మానలేదు. కానీ ఎవరైనా ‘సచ్చిపోనాడు’ అంటే, దిద్దేది కాదు.