తొమ్మిది ఒకట్లు, ఎనభై ఒక్క చుక్క

నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు. అంతకుమించి అక్షరం రాదు. ఇది చెప్పి రాయిస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆలూరు దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళకు బడి వరండాలో మధ్యాహ్నంపూట చదువు చెప్పేవాళ్ళు. నేనూ నా తోడికోడలూ పోయేవాళ్ళం. ఆమె నాకన్నా చిన్నది, ఐదో తరగతి దాకా చదివింది. ఆమె మీద నాకు కడుపుమంట, దాచుకోను. మా ఇద్దరిదీ ఒకే వాకిలి. నా మొగుడు పోయిన నాటినుంచి ఆ వాకిట్లో ముగ్గు ఆమెదైంది. నా ముగ్గు చూడటానికి వీధి చివరినుంచి వచ్చేవాళ్ళు. ఆమె గీత వంకర. అయినా పొద్దున్నే ముగ్గుపిండి ఆమె చేతిలో, పేడనీళ్ళ బకెట్టు నా చేతిలో.

ఒకరోజు టీచరమ్మ, కర్నూలులో సభ ఉందని, ఊరికొకరు పోయి నేర్చిన లెక్క చూపించాలని చెప్పింది. నేను పోవాలనుకున్నాను. అంతకన్నా, ఆమె పోకూడదనుకున్నాను.

టీచరమ్మ పదకొండును పదకొండుతో హెచ్చవేసింది: 121. మూడు ఒకట్లను మూడు ఒకట్లతో: 12321. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. "తొమ్మిది ఒకట్లతో ఎవరు చేస్తారు?" అంది.

తోడికోడలు లేచింది. మెట్లుమెట్లుగా తొమ్మిది వరసలు రాసి కూడింది. 12345678987654321. అందరూ నోళ్ళు తెరిచారు.

"ఏమక్కా, కండ్లు తిరుగుతాండాయా?" అంది నాతో.

"కండ్లు కాదుమే, కడుపు తిరుగుతాండాది."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

"ఇది శేషం లేకుండా తొమ్మిదితో తెగుతాదా? అంకెలన్నీ కూడండి. కూడింది తెగితే ఇదీ తెగుతాది" అంది టీచరమ్మ. తోడికోడలు వేళ్ళు మడుస్తోంది. నాకు బోర్డు మీద అంకెలు కనిపించలేదు, ముగ్గు కనిపించింది. తొమ్మిది చుక్కలు, సందు చుక్క ఒకటి వచ్చేదాకా.

"ఎనబై ఒకటి" అన్నాను.

"కూడకుండానే సోది చెప్తాండావా అక్కా?"

సుద్దముక్క తీసుకుని బండల మీద కూర్చున్నాను.

"ఏమే, నువ్వు ముగ్గేస్తావా?" అని ఒకామె గదమాయించింది.

"ముగ్గు కాదు, లెక్క."

నడుమ తొమ్మిది చుక్కలు. పైన సందుల్లో ఎనిమిది, ఏడు, అట్లా ఒకటిదాకా. కిందా అంతే, బోర్డు మీది ఒక్కో అంకెకు ఒక్కో వరస. "అడ్డంగా కాదు, వాలుగా చూడండి" అన్నాను. వాలుగా తొమ్మిది వరసలు, వరసకు తొమ్మిది చుక్కలు. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి.

టీచరమ్మ ఆ పెద్ద అంకెను తొమ్మిదితో భాగించింది, శేషం లేదు. వచ్చినదాన్ని మళ్ళీ భాగించింది, అప్పుడూ లేదు. "రెండుసార్లు తెగింది పెద్దమ్మా!" అని నా భుజం పట్టుకుంది. ఆ పూట నేనే కర్నూలు పోతాననుకున్నాను.

సభలో కాగితం చూసి చదవాలట. తోడికోడలినే పంపారు.

సభ రోజు సాయంత్రం బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "నీ చుక్కలు గూడా పెట్టినా అక్కా. ఇది మా అక్క చెప్పిన లెక్కని చెప్పినా. శానాసేపు చప్పట్లు కొట్టినారు."

దొంగిలించి ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. నిజమే చెప్పి వచ్చింది. ఏమని పోట్లాడను?

"ఎంతసేపు కొట్టినారు?" అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి కొట్టి చూపించబోయింది.

"చాల్లేమే, పోయి అన్నం తిను" అన్నాను.