ఏట్లో నేను పుట్టించిన గంగ

పోయిన ఆదివారం నేను స్వర్ణముఖి ఏట్లో గంగను పుట్టించినాను. నవ్వకండి, కళ్ళారా చూసినవాళ్ళున్నారు! టీ చల్లారేలోపల చెప్పేస్తాను, లేకుంటే ఎక్కడిదాకా వచ్చినానో మరిచిపోతాను.

అసలు గొడవంతా ఆ మరుపుతోనే మొదలైంది. ఈ మధ్య రెండుసార్లు పాలు పొంగబెట్టినాను. ఇంకోసారి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించి, పోయి పుస్తకం ముందర కూర్చున్నాను. మా కోడలు ప్రమీల స్కూలు టీచరు. తప్పు కనిపిస్తే చాలు, ఎర్రసిరా పెన్ను లేకపోయినా చూపుతోనే సున్నా చుడుతుంది. "అత్తా, ఊరికే ఒకసారి మెదడు డాక్టరుకు చూపించుకుందామా?" అనింది.

ఊరికే అంట! ఊరికే ఎవరన్నా మెదడు చూపించుకుంటారా?

మా అక్క కడపటి రోజుల్లో నన్ను చూసి, "ఎవురమ్మా నువ్వు? ఎవురింటికొచ్చినావు?" అనింది. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. అందుకే రోజూ పొద్దున పళ్ళు తోముకుంటా మా వీధిలోవాళ్ళ పేర్లన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి చెప్పుకుంటాను. ఈ సంగతి ప్రమీలకు తెలీదు. మీరూ చెప్పొద్దు.

ఎండాకాలం సెలవులొచ్చినాయి కదా, ప్రమీలకు కొత్త పిచ్చి పట్టింది. "తిరుపతి చుట్టుపక్కల ఎవరికీ తెలియని చోట్లు" అని ఫోన్లో చూడటం, ఆదివారం కారు తీయడం. మొదటి వారం ఎవరికీ తెలియని జలపాతం. ఆ ఎవరికీ తెలియని చోట కారు ఆపేదానికి జాగా దొరకలేదు! నీళ్ళు బండకు చెమట పట్టినట్టు కారుతున్నాయి. దాని కింద తల తడుపుకునేదానికి క్యూ. మా తిరుచానూరు అమ్మవారి దర్శనమైనా ముందు అవుతుంది. రెండో వారం ఎవరికీ తెలియని పార్కు. గేటు దగ్గర బోర్డు. పూలు కోయరాదు, గడ్డి తొక్కరాదు, బంతి ఆడరాదు, గట్టిగా మాట్లాడరాదు. నేను బోర్డంతా చదివి ముగించేలోపల వాచ్‌మన్ వచ్చి "టైమైపోయిందమ్మా" అని తాళం వేసినాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీ ఫోనుకు తెలియని చోటు నాకు తెలుసు! పెళ్ళైన కొత్తలో మా అత్తతో బిందె ఎత్తుకొని పోయేదాన్ని. ఏరు వంపు తిరిగేకాడ నల్ల ఎనుము నెమరేస్తా పండుకున్నట్టు ఒక బండ, గట్టున మూడు తాటిచెట్లు. ఎంత ఎండాకాలమైనా సరే, ఆ ఇసకలో మోకాటిలోతు చెలమ తీస్తే అడుగున నీళ్ళు ఊరేవి" అన్నాను.

ప్రమీల నవ్వింది. "యాభై ఏళ్ళ కిందటి చోటు ఇప్పుడు కనుక్కుంటావా అత్తా?"

"కనుక్కుంటే?"

"డాక్టరు మాట ఎత్తను."

"లేకుంటే?"

"బుధవారం నోరెత్తకుండా నాతో ఆస్పత్రికి రావాల."

అదీ పందెం. సాక్షిగా ఎదురింటి సులోచన బయలుదేరింది. అరవై దాటినాయి, రోజుకు రెండు వీడియోలు ఫోన్లో పెట్టకుంటే అన్నం సయించదు. పాపం ఆమె పెద్ద నీళ్ళ క్యాను తెచ్చింది. నేనే దింపించినాను. "ఏటికి పోతా నీళ్ళు మోసుకుపోతారా ఎవరన్నా? సిగ్గుండాల!"

మీరు ఈ మాట గుర్తు పెట్టుకోకపోయినా సులోచన పెట్టుకుంది. దోవ పొడుగునా.

దోవ మాత్రం నేను తడుముకోకుండా చెప్పినాను. ఎడమకు తిప్పు, చింతతోపు దాటు, మట్టిబాటలో దిగు. దిగినాము. గట్టున మూడు తాటిచెట్లలో ఒకటే మిగిలింది. ఎనుము బండ ఎక్కడిదక్కడే పండుకొని ఉంది, ఒంటినిండా మాత్రం ప్రేమికుల పేర్లు, ఎర్ర పెయింటుతో. నాకు కళ్ళు చెమర్చినాయి. అదే చోటు!

ఏరే లేదు. ఏరుండాల్సిన చోట ట్రాక్టరు చక్రాల జాడలు, ఇసక తోలుకుపోయిన గుంతలు, సీమతుమ్మ కంప, బిర్యానీ తిని పారేసిన డబ్బాలు. ఏటిని మొత్తం ఎత్తుకొనిపోయి, బదులుగా డబ్బాలు పెట్టిపోయినట్టు ఉంది.

"బండ ఉంది. సరే. నీళ్ళేవి అత్తా?" అనింది ప్రమీల.

"పందెం చోటు మీద కదా!"

"చెలమ తీస్తే నీళ్ళొచ్చే చోటు అన్నావు. సగం జవాబుకు సగం మార్కులే."

టీచరును కోడలిగా తెచ్చుకోకండి. ఇంక నేను కొంగు దోపుకొని ఏట్లోకి దిగినాను. మా అత్త నేర్పించింది బాగా గుర్తుంది. తెల్ల ఇసక జోలికి పోకు, నల్లగా చెమ్మ తగిలే ఇసక చూసి తవ్వు. వెతికితే దొరికింది! చుట్టూ నిప్పుల్లాంటి ఇసక, ఒకచోట మాత్రం చాపంత మేర నల్లగా, చల్లగా. "చూసినావా!" అన్నాను. పక్కనే ఎవరో పాతిన కట్టె ఉంటే, దానికి నా సంచి తగిలించి మొదలుపెట్టినాను.

అక్కడే పడున్న కొబ్బరిచిప్పతో తవ్వినాను. పులిహోర గరిటెతో తవ్వినాను. నడినెత్తిన ఎండ, నాలుక పిడచగట్టుకపోయింది. "క్యాను వద్దన్నావు కదక్కా" అని సులోచన ప్రతి రెండు చిప్పల ఇసకకూ ఒకసారి. చివరికి కారు టైరు విప్పే ఇనుప కడ్డీ తెప్పించి, రెండు చేతులా ఎత్తి, మా అత్తను తలుచుకొని ఒక్క పోటు పొడిచినాను.

టప్! అని చప్పుడు. నా ఎత్తున నీళ్ళు లేచినాయి!

చెలమలో నీళ్ళు ఊరుతాయిగానీ ఎగరవు. నాకు తెలుసు. కానీ గెలిచినప్పుడు మనకు తెలిసినవేవీ గుర్తుకు రావు. సులోచన "గోవిందా గోవిందా!" అని అరుస్తా ఫోను తీసింది. నెత్తిన చల్లుకుంది, దోసిలి పట్టి తాగింది. "కొబ్బరినీళ్ళేనక్కా! ఎంత తీపి!" ప్రమీల నోరు తెరిచి నిలబడింది. ఆ నోటిని చూస్తే నాకు ఎంత బలమొచ్చిందంటే, ఫోను ముందర నిలబడి ఉపన్యాసమే ఇచ్చినాను. "మీరు క్యాన్ల నీళ్ళు తాగే మనుషులు. భూమిని నమ్మినవాళ్ళకు భూమే నీళ్ళిస్తుంది. పాతవి మరిచిపోనివాళ్ళకే గంగ పలుకుతుంది." ఇంకా చాలా చెప్పినాను. వీడియోలో ఉంది.

అప్పుడు గట్టు మీద మోపెడ్ ఆగింది. ఒకాయన లుంగీ ఎగ్గట్టుకొని పరిగెత్తుకుంటా వచ్చినాడు. "ఎవురమ్మా మీరు? యా ఊరు? ఏం జేస్తా ఉండారు ఈడ?"

"గంగమ్మ వచ్చిందప్పా! నువ్వూ మొక్కుకో!" అనింది సులోచన.

"గంగమ్మ కాదు తల్లీ, నా బోరు! ఆ గట్టున బోరు, ఈ గట్టున టమాటా తోట. మద్దిలో పోయేది నా పైపు!"

నేను కడ్డీని మెల్లగా వెనక్కు దాచుకున్నాను. "మరి ఈ చెమ్మ..."

"అతుకు కాడ కారతా ఉండాది. రిపేరు సేయాలని గుర్తుకు కట్టె పాతి, ఎర్రగుడ్డ కట్టి పెట్టినా. కనపళ్ళేదా?"

"ఏ కట్టె?"

"నీ సంచి తగిలించినావే, ఆ కట్టె!"

ప్రమీల నవ్వింది. ఏట్లో నీళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, ఉంటే అందులో పడి ఉండేది.

ఆయన పేరు మునిరత్నం. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. "కరెంటు ఇచ్చేదే కొంచేపు, అవ్వా. ఇప్పుడు తడి అందకుంటే పూత రాలిపోతాది. నేను పోయి మోటరు ఆపొస్తా, అందాకా అరచేత్తో అదిమి పట్టుకో" అని మోపెడ్ ఎక్కినాడు. గుంతలో చతికిలబడి రెండు చేతులతో పైపు అదిమినాను. నీళ్ళు ఊరుకుంటాయా? వేళ్ళ సందుల్లోంచి ముక్కులోకి, చెవుల్లోకి. భూమిని నమ్మినదాన్ని కదా! వాళ్ళిద్దరూ తాటిచెట్టు నీడన కూర్చొని, నేను తెల్లారి లేచి చేసిన పులిహోర తిన్నారు.

ఎంతసేపటికీ మనిషి రాడు. చేతులు తిమ్మిరెక్కినాయి. ఆఖరుకు మోటరు ఆగింది, సైకిలు ట్యూబు ముక్క పట్టుకొని వచ్చినాడు. "ఫోనొచ్చింది అవ్వా, మాట్లాడతా మాట్లాడతా నిన్ను మర్సేపోయినా."

"నీకెంత వయసప్పా?"

"నలభై."

ప్రమీల వైపు చూసి, "ఈయప్ప పేరు కూడా రాయించు డాక్టరు దగ్గర" అన్నాను.

మునిరత్నం ట్యూబు చుట్టి బిగిస్తా ఉంటే అడిగినాను, ఇక్కడ చెలమలు ఉండేవి కదా అని. "ఉండేవంట. ఎనుము బండ కాడ చెలమనీళ్ళు తాగి పెరిగినామని మా నాయన చెప్పేవాడు. ఇప్పుడు ఆ ఏటికి తడి తగలాలన్నా నా పైపే కారాల."

ప్రమీల నా మొహంలోకి చూసి, "సరే అత్తా. చోటు అదే. పూర్తి మార్కులు. డాక్టరు వద్దు" అనింది. తడిసిన చీరతో, కారు సీటు మీద పేపరు పరిపించుకొని, రాణిలాగా ఇంటికి వచ్చినాను.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? సులోచన వీడియో వీధి గ్రూపులో పెట్టింది. గంగ లేచిందాకా, నా ఉపన్యాసందాకా. మునిరత్నం వచ్చిన సగం ఏదే అంటే, "ఆ సగం ఎవరు చూస్తారక్కా?" అంటుంది. సోమవారం పొద్దున తలుపు తీస్తే నలుగురు ఆడవాళ్ళు. చేతుల్లో ఖాళీ క్యాన్లు, పసుపు కుంకుమ పొట్లాలు. పేర్లన్నీ నాకు తడుముకోకుండా వచ్చినాయి, అదొక సంతోషం.

"అమ్మా, ఆ గంగ పుట్టిన చోటికి దారి చెప్పండి. ఈ ఆదివారం వ్యాను మాట్లాడుకున్నాం. ముప్పై మందిమి."

నిజం చెబితే నా ఉపన్యాసం గంగలో కలుస్తుంది. దారి చెబితే మునిరత్నం టమాటా కలుస్తుంది. ఎడమకు తిప్పు, చింతతోపు దాటు, మట్టిబాటలో దిగు... అంతా కళ్ళకు కట్టినట్టు ఉంది.

"ఏమోనమ్మా, వయసైపోయింది కదా. ఎంత తలుచుకున్నా దారి గుర్తు రావడం లేదు."

వంటింట్లోంచి ప్రమీల గొంతు, వీధి వీధంతా వినబడేటట్టు. "అత్తా! డాక్టరు బుధవారం పదింటికి ఉంటాడంట. నీ పేరు రాయించేదా?"